కాజా

ఇరవై రెండేండ్ల సంది కల్వకుర్తిల
మంది మెడలు కొలుస్తున్న.
ఎవని ఛాతి ఎంత, ఎవని నడుమెంత
చూపుతోనే చెప్త.
నా వొంటి మీద రెండు వేళ్ల జాగకు మాత్రం
ఎన్నడూ టేపు వెట్టలే.

మొదలు మంట.
తర్వాత మూత్రానికి పోతే
తోలు కింద బుడగ ఉబ్బి
ఆగి, ఆగి, పక్కకు చిమ్మేది.
నీళ్లు తాగుడు తగ్గించిన.
ఎండకాలం, ఇస్త్రీపెట్టె పక్కన కూసొని
చెంబు దిక్కు చూసి మొఖం తిప్పుకునేటోన్ని.
దూప ఎందుకు ఆగుతలేదో అప్పుడు తెల్వలే.

కొబ్బరినూనె రాసిన.
ఒక రాత్రి పండ్లు బిగవట్టి
వెనక్కి గుంజిన.
చిట్లింది.
లుంగీ నేనే పిండుకున్న, కోడి కూయకముందే,
ఎవరిదో పెండ్లి గుడ్డ మీద సిరా వడ్డట్టు
చేతులు వణుక్కుంట.

నాలుగు నెలలు గోడ దిక్కు పండుకున్న.
"నా మీద కోపమా?" అన్నది అంజిలమ్మ.
కాదన్న.
మరేందంటే చెప్పనీకి
నాకాడ మాట లేదు.

మా దుకాణంల కాజాలు కుట్టేది గౌసుద్దీన్.
అద్దాలు ముక్కు కొసకు జారంగ
బడిపిల్లల అంగీ పట్టుకొని కసిరిండు:
"గుండీ పట్టకపోతే కాజాను గుంజుతరా కుర్మయ్యా?
గుంజితే పోగులేస్తది."

అంగీ గురించే అన్నడు.
నేను మిషన్ ఆపిన.
షట్టర్ సగం దించి, చెప్పిన.
నవ్వలే. శానా సేపు సూదిల దారమెక్కిచ్చుకుంట కూసున్నడు.
"మాకు చిన్నప్పుడే వడుగులైతయి, ఈ బాధ మాకు తెల్వది.
తెల్వనిదాన్ల నేనేం చెప్త?
తెలిసినోళ్ల కాడికి పో."

పాలమూరు పెద్ద దవఖాన.
చీటీ రాసే పోరడు గట్టిగ అడిగిండు, ఏం తక్లీఫని.
కడుపునొప్పి అన్న.
లోపల డాక్టరు ఆడమనిషి.
వాపస్ పోదామనుకున్న గని
ఆమె గ్లౌజు తొడుక్కునే తీరు చూసిన,
నేను అంగుస్తానా పెట్టుకున్నట్టే,
పని మీదనే కండ్లు.

"ఫైమోసిస్," అన్నది.
"ముందటి తోలు మూతి బిగుసుకుపోయింది."
పేరు వినంగనే సగం బరువు దిగింది.
పేరున్నదంటే
నాకంటే ముందే ఇంకొకనికి వచ్చినట్టే గదా.

వేలికొసకు సూది గుచ్చింది.
మూడు వందల పన్నెండు.
"తోలు తర్వాత. చక్కెర మొదలు.
మూత్రంల చక్కెర వోతే పుండైతది,
పుండు మానితే మచ్చ, మచ్చ ముడుచుకపోతది."
అగో, నా దూప!

గోలీలు రాసింది. ఒక మలాము రాసింది.
రెండు పూటలు, పల్చగ, బిగుసుకున్న కాడనే. ఆరు వారాలు.
నొప్పి లేనంత దూరమే జరుపు.
జరిపినంక మర్వకుండ ముందుకు తే.
వెనకనే ఇరుక్కొని ఉబ్బితే
రాత్రనక పగలనక ఉరికి రా.
దీంతోని మెత్తవడకపోతే
చిన్న కోత, లేకుంటే సుంతీ లెక్క మొత్తం తీసుడు.

కుట్టు విప్పితే సరిపోయే అంగీకి
నేను గూడ కత్తెర వెట్టనమ్మా అన్న.
అప్పుడు నవ్వింది.

ఆరు వారాలకు చక్కెర దిగింది.
మంట పోయింది.
తెల్ల మచ్చ మాత్రం గంజి వెట్టిన కాలర్ తీరు
వంగనన్నది.

ఆపరేషన్‌కు ఇద్దరం పోయినం.
జడ్చర్ల దాటినంక, బస్సు లొల్లిల, అంజిలమ్మకు చెప్పిన.
"గింత దానికా నాలుగు నెలలు," అన్నది.
కిటికీ దిక్కు తిరిగి బత్తాయి ఒలిచింది.
నాకియ్యబోయి, చక్కెర యాదికొచ్చి,
తొనలన్నీ తనే తిన్నది, కండ్లు తుడుచుకుంట.

తిమ్మిరి సూది ఇచ్చిండ్రు.
తెరకు ఆవల కత్తెర సప్పుడు. ఆ సప్పుడు నాకెరుకే,
గని బట్ట నేనైతిని.
దానంతట అదే కరిగే దారమట.
ఇన్నేండ్లు దారం మీదనే బతికిన,
గిసొంటిది ఒకటుందని ఎవ్వరూ చెప్పలే.

వారం దినాలు లుంగీ ఎత్తిపట్టుకొని నడిచిన.
ఆరు వారాలు ఎడంగ పండుకోమన్నరు, పండుకున్న,
ఈసారి మాట్లాడుకుంట.

ఇప్పుడు చెంబు మిషన్ పక్కనే ఉంటది.
గౌసుద్దీన్ మొన్న దగ్గరికి జరిగి
గుసగుసగ అడిగిండు:
"దారం కరిగిందా?"
కరిగింది.
"నిజంగనా? రీలు ఎంతకిస్తరట?"